వజ్ర కాని నారు

మునీశ్వరికి వచ్చే నెల ముప్పై మూడు నిండుతాయి. ఆ తర్వాత కుప్పంలోని పరిశోధన కేంద్రం ఆమెను ఫెలోషిప్‌కి తీసుకోదు; వాళ్ల వయసు హద్దు అంతే. జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో శోధించే బయోఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీకి ఫెలోషిప్ సీటు ఒక్కటే ఉంది. ఇంటర్వ్యూ రేపే. మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతూ, సెలవు దొరికినప్పుడల్లా టమోటా తోటల వెంట తిరిగి రెండేళ్లు ఆమె పడ్డ కష్టమంతా ఆ సీటు కోసమే.

ఆకుముడత తెగులు సోకిన నలభై ఆరు తోటల్లో తోటకో ఆకు కోసి, ల్యాబ్‌లో వాటి జన్యుక్రమాన్ని చదివించింది. ఏ తోటలో ఏ రకం నాటారో రైతుల్నే అడిగి రాసుకుంది. కంప్యూటర్‌లో రెండూ కలిపి చూస్తే, వజ్ర అనే రకం నాటిన తోటల్లో ఆ తెగులు తెచ్చే వైరస్ బాగా తక్కువ! గ్రాఫ్ చూసిన రోజు కుర్చీలోంచి లేచి గంతేసింది. లెక్చరరమ్మ గంతెయ్యకూడదని ఎక్కడా రాసి లేదు కదా.

ఇంటర్వ్యూ బోర్డు వాళ్లకు చూపడానికి వజ్ర నారు ఫొటో ఒకటుంటే బాగుంటుందని, పొద్దున్నే పుంగనూరులో తమ ఇంటి దగ్గరి వరదరాజులు నర్సరీకి వెళ్లింది. చుట్టుపక్కల సగం ఊళ్లకు టమోటా నారు పోసేది ఆయనే.

"వజ్ర నారా? ఈ యేడు ఉండాది, సూడు. పోయినేడే విత్తనం రాక శానా అగసాట్లు పడితిమి," అన్నాడు వరదరాజులు.

ఫొటోకని ఫోను పైకెత్తిన మునీశ్వరి చెయ్యి కిందికి దిగింది. "రాలేదా? పోయినేడు మీకాడ శానామంది వజ్ర తీసుకుండిరి గదప్పా?"

"తీసుకుండిరి. అదును దాటిపోతాంటే లేదని యెట్ల చెప్పేదమ్మా? ఉండే నారే వజ్ర అని ఇస్తిమి. కాయ కాసింది, అమ్ముకుండిరి. ఎవురికేం నష్టం?"

"ఎవురెవురికి ఇచ్చినారో గ్యాపకం ఉండాదా?"

"యాడుంటాది తల్లీ!"

రైతులు అబద్ధమాడలేదు. వజ్ర అని నమ్మి కొన్నారు, వజ్ర అనే చెప్పారు. ఇంత చదివిన తనే, ఎదురుగా మొక్కను పెట్టుకుని మనిషి మాట రాసుకుంది. వరదరాజులు మీద కోపమొచ్చింది. అంతకు రెట్టింపు తన మీద వచ్చింది.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. ఆకును చదివిస్తే వైరస్ జన్యు ముక్కలు పిసరంత, మొక్క ముక్కలు కొండంత వస్తాయి. ఆమె వైరస్ ముక్కలు ఉంచుకుని, మొక్కవన్నీ పొట్టులా చెరిగి ఒక మూల పెట్టేసింది. ఇప్పుడా పొట్టునే ముందేసుకుని, అసలైన వజ్ర జన్యుక్రమంతో ఒక్కో ఆకునూ పోల్చింది. పొద్దు వాలేలోగా, వజ్ర అని రాసుకున్న ఆరు ఆకులు తేలాయి. వాటిలో నాలుగు వజ్ర కానేకావు.

పాలక్యాను కడుగుతున్న తల్లి మునెమ్మ సంగతంతా విన్నది. "వాళ్లకేం తెలుస్తాది? ముందు సీటు రానీ, ఆమైన దిద్దుకుందువు."

"ఆ గ్రాఫ్ సూసే గదమ్మా సీటిచ్చేది."

"నీకు ముప్పై మూడు వస్తాండాయే!"

ఆ సీటు కావాలని మునీశ్వరికెంత ఆశో ఆమెకే తెలుసు. కానీ ఏళ్ల తరబడి తేలు కుట్టిన దొంగలా కూర్చోవడం తనవల్ల కాదు.

మర్నాడు పలమనేరు మీదుగా బస్సులో కుప్పం చేరింది. బోర్డులో ముగ్గురున్నారు, అధ్యక్షురాలు ప్రొఫెసర్ కౌసల్య. గ్రాఫ్ తెర మీద పడగానే ఆవిడ ముఖం వెలిగింది. "చాలా బాగుందమ్మా!"

"ఈ గ్రాఫ్ తప్పు మేడం," అంది మునీశ్వరి.

నర్సరీ సంగతి, ఆరు ఆకుల సంగతి దాచకుండా చెప్పింది. "ఇంకెన్ని పేర్లు తప్పో నాకు తెలీదు. ఇకమీద రైతును అడగను, ఆకునే అడుగుతాను. నా పరిశోధన అక్కడ మొదలవుతుంది."

బయట కూర్చోమన్నారు. గంట తర్వాత మళ్లీ పిలిచారు.

"మీ నిజాయితీ మాకు నచ్చింది," అంది కౌసల్య. "కానీ ఫలితం చేతిలో ఉన్న అభ్యర్థి ఇంకొకరున్నారు. ఫెలోషిప్ వారికే ఇస్తున్నాం. మీకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఇవ్వగలం. పైసా రాదు. ఉద్యోగం చేసుకుంటూ చెయ్యాలి, ఆరేళ్లయినా పట్టొచ్చు. ఇంటికెళ్లి ఆలోచించుకోండి."

మునీశ్వరికి ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చింది. నోరు మూసుకుని ఉంటే ఆ సీటు తనదే అయ్యేదని ఆమెకు తెలుసు, వాళ్లకూ తెలుసు. అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఫారం ఇప్పుడే ఇప్పించండి మేడం," అంది. "ఇంకా నలభై ఆకులు ఉండాయి."