మాస్టారి తొట్టెలో పాచి

పవిత్రమైన నీటికి పాచి ఎందుకు పడుతుందన్నది నాకు ఏళ్ళ తరబడి ఉన్న సందేహం. అరవై ఎనిమిది పుష్కరాలప్పుడు రెండు సీసాల నిండా కృష్ణ నీళ్ళు పట్టి తెచ్చాను. ఒకటి దేవుడి మందసంలో పెట్టాను. రెండోది అందులో పట్టక కిటికీలో పెట్టాను. మందసంలోది తేటగానే ఉంది. కిటికీలోది నెల తిరక్కుండా పచ్చబడింది. ఒకే రేవు, ఒకే ఘడియ, ఒకే సంకల్పం. తేడా ఎక్కడొచ్చింది? పురోహితుణ్ణి అడిగితే సీసా సరిగా కడగలేదేమో అన్నాడు. కడిగింది నేనే. ఇంకా అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

డెబ్బై మూడులో దసరా వెళ్ళగానే అచ్యుతరామారావు మాస్టారు తన చేపల తొట్టెను మా ఇంట్లో దింపించారు. ఆయన మా పక్కింటివారు, సైన్సు చెప్పి రిటైరయ్యారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, రెండేళ్ళుగా మనిషి ఆకారం తప్ప ముఖం పోల్చుకోలేని స్థితి. ఆపరేషనుకు గుంటూరులో మేనల్లుడి దగ్గరికి వెళ్తూ, తొట్టె అద్దం మీద అరచెయ్యి ఆనించి నాతో అన్నారు:

"చిటికెడు మేత వెయ్యి. లైటు సాయంత్రం నాలుగైదు గంటలు చాలు. మిగతా సంగతి మొక్కలు చూసుకుంటాయి. నువ్వేమీ చెయ్యకు, పూర్ణచంద్రం. అదే సాయం."

మూడడుగుల అద్దాల తొట్టె, ఇనుప చట్రం, పైన రేకు మూతలో ఒక బల్బు. లోపల ఇసుకలో రిబ్బన్లలా నిలువుగా పెరిగిన నాచు మొక్కలు, వాటి మధ్య ఏడు చేపలు. అంతా ఆయన చేత్తో నాటుకున్నదే. అంత అందమైనదాన్ని ఏమీ చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో నాకప్పుడు తెలియదు.

మొదటి తగువు తొట్టె ఎక్కడ పెట్టాలన్న దాని మీద వచ్చింది.

"ఈశాన్యంలో పెట్టించండి. నీళ్ళకి అదే చోటు," అంది మా ఆవిడ బాలసరస్వతి.

"అక్కడ పొద్దున్నించీ ఎండ పడుతుందే."

"సూర్యభగవానుడు చూస్తే చెడేదేముందండీ?"

ఇలాంటి ప్రశ్నలతోనే మా ఇరవై ఏళ్ళ కాపురం గడిచింది. ఈశాన్యంలోనే పెట్టాం.

రెండో తగువు మేత గురించి. మత్స్యావతారం ఇంట్లో కొలువై ఉంటే ఆయనకు పెట్టకుండా మనం ఎలా తింటామని, సరస్వతి రోజూ నైవేద్యం కాగానే నాలుగు మెతుకులు అందులో వేసేది. పరమాన్నం చేసిన రోజున పరమాన్నం. పెరుగన్నం చేసిన రోజున నీళ్ళు మజ్జిగతేటలా అయ్యాయి. నేను అరిచాను. ఆమె చెంపలు వేసుకుంది, కానీ నాకు కాదు, చేపలకు.

పదిహేను రోజులకు అద్దం మీద పచ్చటి పొర కట్టింది. నేను తొట్టె మొత్తం ఖాళీ చేసి, చేపల్ని బకెట్లో వేసి, ఇసుకను చింతపండుతో తోమాను. నాచైనా పాచైనా ఒకటేననుకుని మొక్కల్లో సగం పీకి పారేశాను. కొత్త నీళ్ళు పోశాను. మూడో రోజుకు మళ్ళీ పచ్చన. మళ్ళీ తోమాను. ఇరిగేషన్ ఆఫీసులో నా పక్క కుర్చీ ఆయన పటిక వెయ్యమన్నాడు, ఎదుటి కుర్చీ ఆయన బ్లీచింగు పౌడరు వెయ్యమన్నాడు. అది వేస్తే చేపలేమవుతాయని అడిగితే, "నీళ్ళు మటుకు తేటగా ఉంటాయండీ" అన్నాడు.

ఇంతలో కార్తీకమాసం వచ్చింది. పాడ్యమి రోజు సాయంత్రం తొట్టె లైటు వేసిన సరస్వతి ఇక దాన్ని ఆర్పనివ్వలేదు.

"నీళ్ళ మీద దీపమండీ, అదీ విష్ణుమూర్తి ముందు. కార్తీకంలో చేతులారా ఆర్పుతారా?"

"అది దీపం కాదే, అరవై వాట్ల బల్బు."

"వెలుగే కదా!"

స్విచ్చి మీద వేలు పెట్టిన ప్రతిసారీ నాకూ భయం వేసింది. నిజం చెప్పాలంటే ఆమె కంటే నాకే ఎక్కువ వేసింది. బల్బు రాత్రింబగళ్ళు వెలిగింది. వారానికి నీళ్ళు గోరింటాకు రుబ్బి కలిపినట్టయ్యాయి. చేపలు ఉన్నాయో లేదో తెలియడం లేదు. ఒకటి తేలాక, ఒకటి లేదని మాత్రం తెలిసింది.

సరిగ్గా అప్పుడు మాస్టారి మేనల్లుడి ఉత్తరం వచ్చింది. 'ఆపరేషను బాగా జరిగింది, కళ్ళజోడు ఇచ్చారు. వచ్చే గురువారం కాక పై గురువారం తీసుకొస్తున్నాను. ఆ తొట్టెలో మొక్క ఎలా పెరిగిందో రెండేళ్ళుగా చూడలేదట. సొంత ఇంటికి కూడా తర్వాతే, ముందు మీ ఇంటికే తీసుకెళ్ళమంటున్నారు.'

పన్నెండు రోజులు. రెండేళ్ళ చీకటి తర్వాత ఆ మనిషికి నేను చూపించబోయేది ఈ పచ్చటి కషాయం.

నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళు మా పేటలో ఒక్కరే ఉన్నారు. భవానీపురం మలుపులో చేపలమ్మే గంగారత్నం. ఆమెది కొల్లేరు ఒడ్డున ఊరు. కానీ ఆమెకు ముఖం చూపించడానికి నాకు సిగ్గు. పుష్కరాల్లో మా అమ్మ రేవు మెట్ల మీది పాచికి జారి నీళ్ళలోకి పోబోతే, పక్కనున్న గంగారత్నం జబ్బ పట్టుకుని లాగింది. "పుష్కరాలు వెళ్ళగానే నీకు చీర పెడతానమ్మా" అంది అమ్మ. ఆ ఏడే అమ్మ పోయింది. చీర సంగతి సరస్వతి ఏటా గుర్తు చేసేది, నేను ఏటా చూద్దామనేవాణ్ణి. గంగారత్నం ఒక్కనాడూ అడగలేదు.

వేరే దారి లేక వెళ్ళాను.

"ఏంటి పంతులుగారూ, కార్తీకమాసంలో దారి తప్పారా?"

"బేరానికి రాలేదమ్మా."

"మీరు బేరానికొస్తే నేనే కళ్ళు మూసుకుంటాలెండి. అసలే ఈ నెల్లో గంపలో సరుకు గంపలోనే ఉంటంది."

అటూ ఇటూ చూసుకుని సంగతంతా చెప్పాను. ఆమె పక్క గంప వైపు తిరిగి కేకేసింది. "ఓ మణెమ్మా, ఇన్నావా? పంతులుగారు చేపలకి పెరుగన్నం పెట్టారంట!"

"ఆవకాయ నంజుకోడానికి పెట్టారో లేదో అడుగు!" అంది మణెమ్మ.

మలుపు మలుపంతా నవ్వింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. నవ్వడం అయ్యాక గంగారత్నం అడిగింది.

"మొక్కలెందుకు పీకారండీ?"

"అదీ నాచేగా."

"నాచున్న మడుగులో నీళ్ళు అద్దంలా ఉంటయ్యండీ. నాచు కోసేసిన మడుగే పచ్చగా తిరిగిపోద్ది. నీళ్ళలో తిండుంటదిగా. అది మొక్కన్నా తినాలి, పాచన్నా తినాలి. మీరు మొక్క నోరు కొట్టి పాచికి పెట్టారు."

"రోజు విడిచి రోజు కడుగుతున్నానే!"

"అదే తప్పు. నీళ్ళు కుదురుకోనియ్యరు. మూడోవంతు తీసి, పెరటి గోలెంలో నిలవున్న నీళ్ళు పొయ్యండి. ఎండలోంచి జరపండి. మెతుకులాపండి. నాలుగు రోజులు గోనెపట్టా కప్పండి, పాచి నకనకలాడి చస్తది. ఆ లైటు పొద్దస్తమానం ఎందుకెలగాలి?"

"కార్తీకమాసం కదా, ఎలా ఆర్పమంటావు?"

గంగారత్నం ఒక చేపను తోక పట్టి ఎత్తి నా ముఖం ముందు పెట్టింది. నేను వెనక్కి జరిగాను.

"దీని కంటికి రెప్పుందా చూడండి. పడుకుందామన్నా మూసుకోలేదు పాపం. కొండమీద అమ్మవారికి రాత్రి తలుపులెయ్యరా? దేవుళ్ళకి పవళింపు సేవ చెయ్యరా? ఆర్పేశాననుకుంటారేం, పడుకోబెట్టాననుకోండి."

ఇన్ని పురాణ కాలక్షేపాలకు వెళ్ళాను. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి సరస్వతికి చెప్పాను.

"ఇది మీకెందుకు తట్టలేదు?" అంది. తట్టనిది నాకొక్కడికేనా?

ఆ సాయంత్రం ఆమె తులసికోట దగ్గర నూనె దీపం పెట్టి వచ్చి, తొట్టెకు హారతిచ్చి, జోల ఒకటి గొణిగి, తన చేత్తోనే స్విచ్చి నొక్కింది. ఇద్దరు కూలీల్ని పిలిచి తొట్టెను లోపలి గోడకు జరిపించాం. మర్నాడు గంగారత్నం తడిగుడ్డలో కాలువ మొక్కల మోపు, కొబ్బరిచిప్పలో నాలుగు నత్తలు పంపింది. మొక్కలు నాటాను. నత్తల్ని చెంచాతో వేశాను. గోనెపట్టా కప్పాను.

ఇక దాన్ని గంటకోసారి ఎత్తి చూడటం సరస్వతి పని. ఊపిరాడుతుందో లేదోనట. మెతుకులు దాచిన గుప్పిట ఒకసారి పట్టుకున్నాను. దేవుడు ఉపవాసమైతే ఇంట్లో అందరూ ఉపవాసమేనని ఆమె ఆ పూట నాకూ అన్నం పెట్టలేదు.

ఐదో రోజు పట్టా తీస్తే పచ్చదనం కాస్త పలచబడింది. సాయంత్రం నాలుగు గంటలు లైటు, తర్వాత పవళింపు. పదో రోజుకు వెనక అద్దం కనిపించింది. పన్నెండో రోజు మాస్టారు వచ్చారు.

సోడాబుడ్డి కళ్ళజోడు, మేనల్లుడి భుజం మీద చెయ్యి. తొట్టె ముందు కుర్చీ వేశాను. ఆయన ముందుకు వంగారు.

"పూర్ణచంద్రం."

"చెప్పండి మాస్టారూ."

"ఆ మూల నల్లరాయి మీద వెంట్రుకల్లా పాచి పట్టిందేమయ్యా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నెల రోజులుగా తోమి, మోసి, మలుపులో అందరి చేతా నవ్వించుకుంటే మొదటి మాట ఇదా! ఏదో అనబోయాను. ఆ మూలకు వంగి చూస్తే నాకే కనిపించలేదు. ముక్కు అద్దానికి ఆనిస్తే, దారపు పోగంత, ఉంది.

"ఇంత సన్నది కనపడిందా మావయ్యా?" అన్నాడు మేనల్లుడు.

మాస్టారు వినిపించుకోలేదు. వేలితో లెక్క పెడుతున్నారు. "ఏడుండాలి. ఆరున్నాయి." మళ్ళీ చూశారు. "ఈ మొక్కలు కొన్ని నావి కావు. ఎవరిచ్చారు?"

జరిగిందంతా చెప్పాను, పెరుగన్నంతో సహా. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఆవిడ లేకపోతే నాకీవేళ చూసుకోడానికి ఏమీ ఉండేది కాదు" అన్నారు.

సరస్వతి నా వైపు చూసింది. ఈసారి చీర మాటకు 'చూద్దాం' అనే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి ముదురు ఎరుపు నేత చీర తెచ్చాం. సరస్వతి పళ్ళెంలో చీర, పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు పెట్టుకుని, కార్తీకమాసమని కూడా చూడకుండా చేపల గంప దగ్గరికి నడిచింది. నేను వెనకాల నడిచాను.

"మా అత్తగారి మాట. ఆలస్యమైంది," అంది బొట్టు పెడుతూ.

గంగారత్నం చేతులు కొంగుకు మూడుసార్లు తుడుచుకుంది. "ఈ చేతుల్తో ఎట్టా పట్టుకోనమ్మా?"

"ఆవిణ్ణి పట్టుకున్నవి అవేగా, పట్టుకో."

ఆమె తీసుకుంది. మడత విప్పి అంచు చూసింది, నేత వేళ్ళ మధ్య నలిపి చూసింది. "పెద్దమ్మగారు మాట మర్చిపోలేదు," అంది. నా పేరెత్తలేదు. చీర మీద ఒక చేప పొలుసు అంటుకుంటే గోటితో మెల్లగా తీసేసి, భుజాన వేసుకుని, ఎదురుగా వచ్చిన బేరానికి తక్కెడ ఎత్తింది.