ఒడ్డుమీదే తెడ్లు వేసిన పడవ

ఏటా జరిగే పడవ పందెంలో ఆ ఊరి ఆడవాళ్ళ పడవ ఇరవై రెండేళ్ళుగా ఆఖరునే వస్తూ ఉండేది. ఒక్క ఏడు మాత్రం ఆఖరు నుంచి రెండోది. ఆ ఏడు వెనకున్న పడవ మునిగిపోయింది. అందుకే ఈ జూలైలో, పందెం మొదటిసారి నాలుగు గంటల దూరాన ఉన్న పెద్ద సరస్సులో పెట్టినప్పుడు, హిల్కా చుక్కాని పట్టిన పడవ అందరికన్నా ముందు గీత దాటేసరికి, పద్నాలుగు మంది ఆడవాళ్ళూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారే గాని కేక వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

"గెలిచామంటావా అక్కా?" అంది ముందు వరసలో ఉన్న రైయా.

"మన ముందు ఎవరన్నా ఉన్నారా?"

"లేరు."

"మరింకేం. ఎప్పుడూ మన వెనక ఎవరూ ఉండేవారు కాదు, ఇవాళ ముందు లేరు. అంతే తేడా."

అప్పుడు అరిచారు. అరుస్తూనే పడవని ట్రెయిలర్ మీదికి ఎక్కించారు, గెలుపు గుర్తుగా ముందు కొసకి బర్చ్ చెట్టు కొమ్మలు కట్టారు. ఎండ మండిపోతోంది. తాళ్ళు బిగిస్తున్న హిల్కా, వెనక్కి తిరక్కుండానే, "రెండు బకెట్లు పొయ్యండే," అంది. రైయా సరస్సులోంచి రెండు బకెట్లు ముంచి పడవ అడుగున పోసింది.

అది ఆర్నె తాత నేర్పిన అలవాటు. ఆ పడవ కట్టింది ఆయనే. పలక మీద పలక ఎక్కించి, మేకులు కొట్టి, తారు పూసి, రెండు చలికాలాలు కూర్చుని కట్టాడు. "చెక్క పడవా, పసిపిల్లా ఒకటే. ఎండనివ్వకూడదు. ఎండితే పలకలు విచ్చుకుంటాయి," అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఎండలో రోడ్డెక్కినప్పుడల్లా అడుగున రెండు బకెట్లు పొయ్యడం వాళ్ళకి చెప్పులు వేసుకోవడమంత మామూలు.

సాయంత్రం ఊరు చేరేసరికి ఒడ్డంతా జనం. గెలిచిన పడవని సొంత సరస్సులో దింపి, ఊరి ముందు నుంచి తెడ్లు వేసుకుంటూ రావడం ఆ చుట్టుపక్కల ఆనవాయితీ. వాళ్ళ ఊరికి ఆ యోగం పట్టడం ఇదే మొదలు. హిల్కా మరిది ఓస్మో, ఊరి సంఘం పెద్ద, పెళ్ళినాటి కోటు తొడుక్కుని వచ్చాడు. బల్లల మీద కాఫీ కూజాలు, యాలకుల రొట్టెలు. ఒక పక్క ఒకతను అకార్డియన్ పెట్టె మెళ్ళో వేసుకుని వాయిస్తున్నాడు. నీళ్ళ అంచున కుర్చీలో, టోపీ ఒళ్ళో పెట్టుకుని ఆర్నె తాత. తొంభై నాలుగేళ్ళు. తన చేతి పడవ గెలిచి రావడం చూస్తేగాని పోనని భీష్మించుకుని కూర్చున్నాడని ఊళ్ళో అందరూ అనుకునేవారు.

"రానీ, రానీ, ఇంకా రానీ," అని ఓస్మో చెయ్యి ఊపుతున్నాడు. ట్రెయిలర్ వెనక్కి దిగుతోంది. వాలులోకి వచ్చేసరికి పడవ వెనక కొస కిందికి ఒరిగింది. లోపల గలగలమని నీళ్ళు వెనక్కి పరుగెత్తిన చప్పుడు.

ఆ చప్పుడు హిల్కా చెవిన పడింది.

"ఆపు! ఆపమంటుంటే!"

చక్రం నీళ్ళకి రెండు బారల దూరంలో ఆగింది. అకార్డియన్ వాయించేవాడు సగంలో ఆపేశాడు.

వాళ్ళ సరస్సులో పీతల్లా డెక్కలున్న నల్ల రొయ్యలుంటాయి. పెద్ద సరస్సులో ఉన్నవి వేరు. ఎప్పుడో పరాయి దేశం నుంచి తెచ్చి వదిలిన జాతి. వాటి ఒంట్లో తెగులు ఉంటుంది. వాటినేం చెయ్యదు, నల్ల రొయ్యల్ని మాత్రం ఒక్కటి మిగలకుండా తుడిచిపెడుతుంది. తడి వల చాలు, తడి బూటు చాలు. హిల్కాకి పందొమ్మిదేళ్ళప్పుడు ఎవరో ఎక్కడినుంచో రొయ్యలు పట్టే తడి బుట్టలు తెచ్చి ముంచారు. పది రోజుల్లో ఒడ్డు పొడుగునా రొయ్యలు వెల్లకిలా తేలాయి. ఆ కంపు ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆ నీళ్ళలో ఏమీ లేదు. ఆమె భర్త టౌనో మూడు వేసవులు అడవి వాగు నుంచి నల్ల రొయ్యల్ని తడి నాచులో చుట్టి, వీపున మోసుకొచ్చి, ఒక్కొక్కటే వదిలాడు. మరో పదేళ్ళు ఒక్కటీ పట్టనివ్వలేదు, తను తినలేదు. టౌనో పోయాక కాపలా హిల్కాది. బయటినుంచి ఏ బుట్ట వచ్చినా, ఏ బూటు వచ్చినా ముందు ఆమె ఇంటి సౌనాలో, ఆవిరి స్నానాల గది వేడిలో, పూర్తిగా ఎండాల్సిందే.

"ఏమైంది వదినా?" అన్నాడు ఓస్మో.

"అడుగున నీళ్ళున్నాయి. అక్కడివి."

"ఎవరు పోశారు?"

రైయా మొహం పాలిపోయింది. నోరు తెరిచింది. ఆమెకన్నా ముందు హిల్కాయే అంది, అందరికీ వినబడేలా: "నేను పొయ్యమన్నాను. ఊరందరికీ నీతులు చెప్పే నేనే."

ఓస్మో దగ్గరికొచ్చాడు. "రెండు బకెట్లేగా. తోడి పారబోసి, గుడ్డతో తుడిచి దింపేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"పలకకీ పలకకీ మధ్య తడి ఉంటుంది. దాన్ని ఏ గుడ్డతో తుడుస్తావ్? వేడి నీళ్ళతో కడిగి వారం ఎండబెట్టాలి."

"పోయినేడు నా బూట్లు ఎండబెడతానని పట్టుకెళ్ళి అప్పడాల్లా చేసిచ్చావు. ఇప్పుడు పడవ వంతా!" ఓస్మో గొంతు తగ్గించాడు. "వదినా, ఊరంతా వచ్చింది. ఆర్నె తాతని చూడు. వచ్చే ఏటిదాకా ఉంటాడో..."

"నా చెవులు బానే ఉన్నాయిరా ఓస్మో," అన్నాడు కుర్చీలోంచి ఆర్నె తాత. "ఇలా రా అమ్మాయ్."

డెబ్బై రెండేళ్ళ హిల్కా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. గెలిచిన చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది. ఆ చొక్కాతో ఈ ఒడ్డుకి తెడ్ల మీద రావాలని ఆమె ఇరవై రెండేళ్ళుగా కల కంది.

"తాతా, ఎండబెట్టాలి. పలకలు విచ్చుకుంటాయి. నువ్వు చెప్పిన ఒక్క మాటా ఇన్నేళ్ళూ తప్పలేదు. ఇవాళ తప్పుతాను."

ముసలాయన చాలాసేపు పడవనే చూశాడు. తర్వాత నీళ్ళని చూశాడు.

"నేను కట్టింది విచ్చుకుంటే మళ్ళీ బిగిస్తా. నా చెయ్యాడకపోతే ఎలా బిగించాలో చెబుతా. టౌనో మోసినవి మళ్ళీ మొయ్యడానికి టౌనో లేడుగా. కడుగు పో."

ట్రెయిలర్ వెనక్కి, రోడ్డెక్కి, గట్టుకి అవతల బంగాళాదుంప చేలోకి పోయింది. అక్కడ పోసిన నీళ్ళు సరస్సు వైపు రావు. ఊరంతా వెనకే నడిచింది. సౌనా పొయ్యి రాజేశారు. బానలో మరిగిన నీళ్ళు చేతులు మారుతూ వచ్చాయి. గెలిచిన ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని పలక పలకా రుద్దారు. పద్నాలుగు తెడ్లూ, చుక్కానీ, కూర్చునే మెత్తలూ సౌనా బల్లల మీదికి ఎక్కాయి.

"ఇన్నేళ్ళలో సౌనాలోకి మనకన్నా ముందు తెడ్లు పోవడం ఇదే చూడ్డం," అంది రైయా.

"నీకన్నా అవే ఎక్కువ కష్టపడ్డాయిలే," అంది హిల్కా. ఆ మాటతో రైయా మొహంలో రంగు తిరిగి వచ్చింది.

మెత్తలు మోసుకొచ్చిన ఓస్మో చేతులు దులుపుకున్నాడు. హిల్కా ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కోటుకి తడి తగిలిందా?"

"తగిలితే?"

"విప్పు."

"ఇది నా పెళ్ళి కోటు వదినా!"

"మరీ మంచిది. పెళ్ళానికి చెప్పు, ఇవాళ్టికి పెళ్ళి పెటాకులని."

జనం విరగబడి నవ్వారు. ఓస్మో కోటు విప్పి ఇచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచి కొట్టంలోకి వెళ్ళాడు. ఎండుగడ్డి పోగుచేసే చెక్క పళ్ళ కర్రలు ఒక మోపు భుజాన వేసుకుని వచ్చాడు.

"పద్నాలుగున్నాయి. లెక్క సరిపోయింది. ఎక్కండి."

"ఎక్కడికి?"

"పడవెక్కండి. నీళ్ళ మీద పోకూడదన్నావు గాని, రోడ్డు మీద పోకూడదని ఎవరన్నారు?"

మరిది నోటినుంచి ఒక మంచి మాట రావడం హిల్కా చాలా ఏళ్ళ తర్వాత విన్నది. ఆ సంగతి ఆయనతో చెప్పింది కూడా.

ట్రెయిలర్ మీదున్న పడవని ట్రాక్టరు లాగింది. ఒడ్డు పైనున్న రోడ్డు మీద, ముందు కొసన బర్చ్ కొమ్మలు ఊగుతుండగా, పద్నాలుగు మంది గడ్డి కర్రలు పట్టుకుని గాలిలో తెడ్లు వేశారు. వెనక కొసన హిల్కా నిలబడి, "లాగు! లాగు!" అని నిజం పందెంలో కన్నా గట్టిగా అరిచింది. అకార్డియన్ ముందు నడిచింది. పిల్లలూ కుక్కలూ వెంటబడ్డారు. కాఫీ కూజాలు రోడ్డు మీదికే వచ్చేశాయి. పందెంలో కూడా వాళ్ళ తెడ్లు అంత చక్కగా ఒకేసారి లేచి ఒకేసారి పడలేదు.

ఆర్నె తాత కుర్చీని నలుగురు ఎత్తి రోడ్డు పక్కకి తెచ్చారు. పడవ ఆయన ముందుకొచ్చేసరికి చెయ్యెత్తాడు. ట్రాక్టరు ఆగింది. ఆయన లేచి, రెండు చేతులా పలక పట్టుకుని, అరచేత్తో నిమిరాడు. ఇంకో పలక నిమిరాడు. గోటితో అతుకు మీద గీసి చూశాడు.

హిల్కా పడవ అంచు మీంచి ముందుకి వంగింది.

"ఇంకా తడిగా ఉంది," అన్నాడు ఆర్నె తాత. టోపీ తీసి తలమీద పెట్టుకుని, హిల్కా వైపు తలెత్తి చూశాడు. "బాగా ఎండనివ్వు అమ్మాయ్."