నిలబడి వినే మాట

"రేపు నీది సాక్ష్యమనే చెప్తాను. కిందే నిలబడి ఓ ఐదు నిమిషాలు మాటాడీసి కూర్చో. మార్కులేసే ఆ సార్‌కి అది చాల్లే" అన్నాడు బెన్‌హర్.

సువార్త అప్పుడు భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. పాస్టరుగారి ఇంట్లో ఆదివారం శనివారం సాయంత్రమే మొదలవుతుంది, అదీ ఆ తెల్లచొక్కాతో. ముందు కాలరు, తరవాత చేతులు, ఆఖర్న వీపు. ఆ మాట వినగానే ఆమె చెయ్యి ఆగింది. ఆగింది గానీ ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉందన్న సంగతి చప్పున గుర్తొచ్చి లాగేసింది. కాలలేదు. కాలలేదని తెలిశాక కూడా గుండె అలా దడదడలాడుతూనే ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకి ఇదో జబ్బు. ప్రమాదం తప్పిపోయిన తరవాతే భయం ఎక్కువవుతుంది.

చర్చి గుమ్మం తొక్కనివాళ్ళకి ఈ సాక్ష్యం గొడవేమిటో చెప్పాలి. జ్వరం తగ్గిందనో, పిల్లాడికి ఉద్యోగం వచ్చిందనో, తాగుడు మానేశాడనో లేచి నలుగురికీ చెప్పుకుని దేవుడికి వందనాలు అర్పించడం సాక్ష్యం. అది ఎవరైనా చెప్పొచ్చు, ఆడవాళ్ళయినా సరే. బైబిలు తెరిచి, చదివి, దాని అర్థం విప్పి చెప్పడం వాక్యం. బెన్‌హర్ సంఘంలో అది మగవాళ్ళ పని. వాక్యం చెప్పే ఆ ఎత్తు వేదిక, పుల్పిట్, ఆడవాళ్ళు ఎక్కకూడదు. ఒక్క శనివారం మాత్రం మినహాయింపు, అదీ బకెట్టూ తడిగుడ్డా చేతిలో ఉంటేనే. ఆ రోజు పొద్దున కూడా సువార్త ఎక్కింది. మైకు స్టాండు చుట్టూ తుడిచి, అయ్యగారి కుర్చీ దులిపి, వెనక్కి వెనక్కి నడుస్తూ దిగింది. దానికెవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఎం.డివ్.లో, అంటే పాస్టర్లు చదివే పెద్ద డిగ్రీలో, ఆమెని చేర్పించింది బెన్‌హరే. ఆ మాట ఒప్పుకోవాలి. ఆయనది తండ్రి దగ్గర్నుంచి వచ్చిన పాస్టరు పని. చిన్నప్పుడెప్పుడో బైబిలు స్కూల్లో నేర్చుకున్నదే చదువు. చుట్టుపక్కల సంఘాల్లో డిగ్రీలున్న కుర్ర పాస్టర్లు దిగుతుంటే ఆయనకి బెంగ పట్టుకుంది. తనకి మళ్ళీ పరీక్షలు రాసే ఓపిక లేదు. పెళ్ళాం డిగ్రీ పాసయింది కదా, ఖాళీయే కదా అనుకున్నాడు. బుధవారం స్త్రీల కూటం, ఆదివారం పిల్లల క్లాసు, పై ఊళ్ళ నుంచి వచ్చే ప్రసంగీకులకి భోజనాలు, సంఘమంతా రొట్టే రసమూ పుచ్చుకునే బల్ల ఆరాధనకి ద్రాక్షరసం కాచడం, ఆ చిన్న గ్లాసులన్నీ కడిగి తుడిచి బోర్లించడం, ఇవన్నీ పోగా మిగిలిన ఖాళీ అన్నమాట. "మా అమ్మగారు సెమినరీలో చదువుతున్నారండి" అని ఊరంతా చెప్పుకున్నాడు; పాస్టరు పెళ్ళాన్ని సంఘంలో అమ్మగారనే అంటారు. మొదట్లో ప్రతి శనివారం బండి మీద స్టేషన్లో దింపేవాడు కూడా. విశాఖలో క్లాసులు విని, సాయంత్రం రైల్లో నిలబడి వచ్చి, బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి, ఆ రోజు విన్నదంతా ఆయనకి చెప్పేది. మర్నాడు అదంతా పుల్పిట్ మీద ఆయన నోట వినబడేది. "అయ్యగారికి ఈమధ్య అభిషేకం మరీ ఎక్కువైందండి" అని, దేవుడి ఆత్మే ఆయన చేత పలికిస్తోందన్నట్టు, సంఘపెద్ద నూకరాజు మురిసిపోయేవాడు. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది సువార్త కూడా మురిసింది. తన మాటకి జనం తలలూపుతుంటే ఎవరికి సంతోషం ఉండదు? నోరు వేరే వాళ్ళదైతే ఏమైంది అనుకుంది. రెండో ఏడాదికి ఆ సంతోషంలో ఏదో పుల్లగా తగలడం మొదలైంది.

ఆఖరి మెట్టు ఒకటుంది. ఎవరి సంఘంలో వాళ్ళు, పరీక్షకుడి ముందు, ఒక ఆదివారం వాక్యం చెప్పాలి. అది కాకపోతే డిగ్రీ రాదు, అంతవరకూ చదివిందంతా గాలికే. ఈ సంగతి చెప్పిన రోజు బెన్‌హర్ నవ్వాడు. తరవాత అన్నం మానేశాడు.

ఆయన అరిచే మనిషి కాదు. చెయ్యెత్తే మనిషి అసలే కాదు, ఆ సంగతి మెచ్చుకోవాలని అందరూ సువార్తకి చెబుతూనే ఉంటారు. కోపం వస్తే భోజనం మానేస్తాడు. కంచం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, మెతుకు ముట్టకుండా కంచం పక్కకి జరిపి లేచిపోతాడు. సంఘంలో వాళ్ళకి అది ఉపవాసం. "ఏ విషయం మీద ఉన్నారమ్మా అయ్యగారు ఉపవాసం?" అని ఆడవాళ్ళు భక్తిగా అడుగుతారు. నామీదమ్మా అని చెప్పలేక సువార్త కొంగు సవరించుకుంటుంది. ఆయన చిక్కిపోతున్నకొద్దీ ఆయన కీర్తి పెరుగుతుంది, ఈమెకి తిన్న ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. అరిచే మొగుడైతే పక్కింటివాళ్ళయినా వింటారు కదా అని ఒక్కోసారి అనిపించి, అలా అనిపించినందుకు మళ్ళీ భయపడుతుంది.

ఇస్త్రీ అయిన చొక్కాని హాంగరుకి తగిలిస్తూ, సాక్ష్యమంటే సార్ మార్కులు వెయ్యరండీ, అంది. నేల చూస్తూ అంది.

బెన్‌హర్ మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. తలెత్తలేదు. "వెయ్యకపోతే మానీమను. నువ్వు రేపు వాక్యం అన్నావనుకో, సోమవారం మాకవరపాలెం బస్సెక్కీ. మీ నాన్న దగ్గరుందువు గాని. సుజి ఇక్కడే ఉంటాది, దానికి స్కూలుంది" అన్నాడు. కూతుర్ని తనే ఉంచేసుకుంటానన్న మాట, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆ తరవాత రా, ప్రార్థన చేసుకుందాం అని పిలిచి, ఈ సహోదరికి మంచి బుద్ధి దయచెయ్యమని దేవుణ్ణి అడిగాడు. ఆమేన్ అనాల్సింది సువార్తే. అంది.

వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తగారు దేముడమ్మ ద్రాక్షపళ్ళు పిసికి గుడ్డలో వడకడుతోంది. గోడ పల్చన, అన్నీ వినే ఉంటుంది. పెద్దావిడ కోడల్ని మెచ్చుకున్నదీ లేదు, మరీ తిట్టిందీ లేదు. గుడ్డ పిండుతూనే మెల్లగా అంది. "నాకూ బయమేనే. మీ మావంటే బయపడి బతికేను. ఇప్పుడు కొడుకంటే బయపడి బతుకుతున్నాను. అంత సదువు సదివేవు గదా, అందులో బయానికి మందేటీ సెప్పనేదేటే?"

సువార్తకి సెమినరీలో హీబ్రూ చెప్పారు, గ్రీకు చెప్పారు, సంఘ చరిత్ర చెప్పారు. దీనికి మందు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున పరీక్షకుడు ధనరాజ్ సార్ రైలు దిగి వచ్చాడు. నెమ్మదైన మనిషి. ఇంటి గొడవల వాసన తగిలితే ఆమడ దూరం జరిగే రకం. బెన్‌హర్ ఆయనకి ఇడ్లీలు దగ్గరుండి వడ్డించాడు, అంటే వడ్డించమని సువార్తకి చెప్పాడు. సార్, మా దగ్గర ఆడవాళ్ళు కిందే నిలబడి మాట్లాడతారు, పెద్దలు ఒప్పుకోరు, మీరేమీ అనుకోకండి అన్నాడు. ధనరాజ్ టీ గ్లాసు వైపు చూస్తూ, ఎక్కడ నిలబడినా నాకు అభ్యంతరం లేదండి అన్నాడు. తరవాత సువార్త వైపు తిరిగి, "కానీ అమ్మా, సంఘం దాన్ని వాక్యంగా వినాలి. చదివేటప్పుడు లేచి నిలబడతారు కదా, అలా. వాళ్ళు కూర్చుని విన్నారంటే అది సాక్ష్యమే. నేను మార్కులు వెయ్యలేను" అన్నాడు. బెన్‌హర్ నవ్వుతూ, అలాగేనండి సార్, ఇంకో ఇడ్లీ వేయించుకోండి అన్నాడు. నవ్వుతూనే భార్యని చూశాడు. సువార్త చట్నీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆరాధన మొదలైంది. మగవాళ్ళు కుడివైపు కుర్చీల్లో, ఆడవాళ్ళు ఎడమవైపు తివాచీల మీద. పాటలవుతున్నాయి. సువార్త చప్పట్లు కొడుతోంది కానీ తాళం ఆమెకి వినబడడం లేదు. బాత్రూంకి వెళ్ళాలనిపిస్తోంది, ఇప్పుడే కదా వెళ్ళొచ్చింది. సుజి పిల్లల వరసలో కూర్చుని జడ చివర నములుతోంది. సోమవారం ఆ జడ ఎవరు వేస్తారు అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనతోనే నిర్ణయం అయిపోయింది కూడా. సాక్ష్యమే చెప్తాను. డిగ్రీ లేనివాళ్ళు బతకడం లేదా? పిల్లని వదిలి ఏ తల్లి పోతుంది? ఇలా అనుకోగానే ఊపిరి ఆడింది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, హాయిగా కూడా ఉంది.

"ఇప్పుడు అమ్మగారు వచ్చి చిన్న సాక్ష్యం చెప్తారు" అన్నాడు బెన్‌హర్ పుల్పిట్ మీద నుంచి. కిందికి మైకు అందించి వెనక కుర్చీలో కూర్చున్నాడు.

సువార్త ముసుగు సరిచేసుకుని వేదిక కింద నిలబడింది. అందరికీ వందనాలు చెప్పింది. ఏ సాక్ష్యమో అందరికీ తెలుసు. ఆమెకి ఉన్నది ఒక్కటే, ప్రతి వార్షికోత్సవానికీ చెప్పేదే. సుజి పుట్టినప్పుడు రక్తం కట్టక ప్రాణం మీదికొస్తే, డాక్టర్లు చేతులెత్తేస్తే, ఆసుపత్రి వరండాలో అయ్యగారు తెల్లవార్లూ మోకాళ్ళ మీద ఉండి ప్రార్థించి ఆమెని దక్కించుకున్నారు. "సుజి కడుపులో ఉన్నప్పుడు నాకు..." అని నోరు దానంతటదే మొదలుపెట్టేసింది. తివాచీ మీద ఆడవాళ్ళు అప్పుడే స్తోత్రం, స్తోత్రం అంటున్నారు.

ఆ రాత్రి అయ్యగారు వరండాలో లేరు. నక్కపల్లిలో ప్రార్థన కూటాలకి వెళ్ళారు, మూడో రోజు వచ్చారు. ఆటోలో వేసుకుని, ఒళ్ళో పడుకోబెట్టుకుని, చీరంతా రక్తం చేసుకుని తీసుకెళ్ళింది దేముడమ్మ. డాక్టరమ్మ చేతులెత్తలేదు, చేతులు పెట్టి బతికించింది. ఇంటికొచ్చాక బెన్‌హర్ కూర్చోబెట్టి, సాక్ష్యం ఎలా చెబితే జనానికి విశ్వాసం పెరుగుతుందో నేర్పాడు. ఏళ్ళ తరబడి అలాగే చెప్పింది. ఇవాళ మైకు పట్టుకుని వెతుక్కుంటే అత్తగారి ఒడి గుర్తుకు రావడం లేదు. వరండా గుర్తొస్తోంది. లేని వరండా, అందులో లేని మనిషి, ఆయన మడతపెట్టిన మోకాళ్ళు, అన్నీ కళ్ళకి కట్టినట్టు కనబడుతున్నాయి.

అప్పుడు వేసింది ఆమెకి అసలైన భయం. మాకవరపాలెం బస్సు దాని ముందు ఎంత? ఇంకొక్కసారి ఇది చెప్పి కూర్చుంటే తనకి జరిగింది తనకే మిగలదు. సుజి పెద్దదై, నేను పుట్టిన రోజు ఏమైందమ్మా అని అడిగితే, ఈ అబద్ధమే నిజమనుకుని చెప్పేస్తుంది. పిల్ల పక్కనే ఉంటుంది, తల్లి ఉండదు.

ఆమె ఆగిపోయింది. స్తోత్రాలూ ఆగిపోయాయి. వెనక కుర్చీ కిర్రుమంది.

"ఇవాళ నేను సాక్ష్యం చెప్పటం లేదు" అంది సువార్త. గొంతు పీలగా, చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "వాక్యం చదువుకుందాం. అందరూ లేచి నిలబడండి."

ఎవరూ కదల్లేదు. తలలన్నీ ఒక్కసారి అయ్యగారి వైపు తిరిగాయి. సువార్త తిరగలేదు. తిరిగితే ఆ నవ్వు కనబడుతుందని తెలుసు, కనబడితే తను కూర్చుండిపోతుందని కూడా తెలుసు. బైబిలు తెరిచింది. కాగితాలు చెమట వేళ్ళకి అంటుకుంటున్నాయి. ఇంట్లోంచి గెంటేస్తే బిడ్డనెత్తుకుని, కాసిని నీళ్ళతో ఎడారి దారి పట్టిన దాసి కథ ఉన్న పేజీ తీసి, ఎదర ఎవరున్నారో చూడకుండా చదవడం మొదలుపెట్టింది.

వాక్యం వినబడితే లేవడం ఆ జనానికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటు. మనసు ఒప్పుకుందో లేదో గానీ ముందు మోకాళ్ళు లేచాయి. తివాచీ మీద గాజులు గలగలమన్నాయి. ధనరాజ్ సార్ లేచాడు. నూకరాజు సగం లేచి, అయ్యగారిని చూసి, సగంలోనే కాసేపు ఆగి, పూర్తిగా లేచాడు. దైవగ్రంథం చదువుతుంటే కూర్చున్న పాస్టరుని ఆ సంఘం ఎన్నడూ చూడలేదు. పరాయి మనిషి ముందు, తన జనం ముందు, చూడనివ్వదలుచుకోలేదు బెన్‌హర్. ఆమె వెనక, ఎత్తు మీద, కుర్చీ రెండోసారి కిర్రుమంది.

చదవడం పూర్తయింది. హాలంతా అలాగే నిలబడి ఉంది. ఎందుకు కూర్చోరా అని సువార్త తెల్లబోయింది. తరవాత అర్థమైంది. చదివినవాళ్ళు చెబితేనే కూర్చుంటారు. ఇంట్లో ఏం కాచుకుని ఉందో ఆమెకి తెలుసు. సోమవారం బస్సెక్కాల్సి వస్తే సుజి చెయ్యి పట్టుకునే ఎక్కుతుంది, స్కూళ్ళు మాకవరపాలెంలోనూ ఉన్నాయి. భయం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. ఆ భయంతోనే మొదటిసారి వెనక్కి తిరిగి భర్త మొహం చూసింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కూర్చోండి" అంది.

బెన్‌హర్ కూర్చున్నాడు.