దిగుటకు అనుమతి లేదు

నా ఒంటి మీద ఉన్నవి మూడే మాటలు: 'దిగుటకు అనుమతి లేదు'. టేకు పిడి ఉన్న రబ్బరు ముద్రను నేను. విశాఖపట్నంలో ఒక ఇరుకు దుకాణంలో నన్ను చేశారు. అదే రోజు, అదే రబ్బరు ముక్కలోంచి నాకొక తోబుట్టువు పుట్టింది. దాని మీద 'అనుమతి ఇవ్వడమైనది' అని ఉంటుంది. ఇద్దరినీ ఒకే డబ్బాలో పెట్టి, తీరం వెంబడి ఉన్న చిన్న రేవుకు పంపారు. పరాయి దేశాల నుంచి ఓడల్లో వచ్చేవాళ్లను తనిఖీ చేసే ఆఫీసు అది. అక్కడ మమ్మల్ని చేతబట్టిన అధికారిణి సుభద్ర.

మనుషులు తమ నిర్ణయాల బరువును మాలాంటి వాటి మీదికి నెట్టేస్తారు. "ముద్ర పడిపోయింది, మేమేం చేయగలం?" అంటారు. సుభద్ర అలా అనేది కాదు. మొదట్లో నన్ను తాకడానికే జంకేది. ఒకసారి ఇద్దరు నావికుల కాగితాలు సరిగా లేవు. తల్లి చావుబతుకుల్లో ఉంది, ఇక్కడ దిగి ఇంటికి వెళ్లాలని ఒకడు ఏడిస్తే, జాలిపడి నా తోబుట్టువును ఎత్తింది. మూడు వారాలకు, వాళ్లు ఎక్కడో దూరాన పెట్టిన బాంబుకు, బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు చనిపోయారు. పోయినవాళ్ల ఫొటోలు పేపర్లోంచి కత్తిరించి సుభద్ర సొరుగులో పెట్టుకుంది. నేనూ ఆ సొరుగులోనే ఉండేదాన్ని.

మరుసటి ఏడు వానాకాలంలో ఎరువుల ఓడ ఒకటి వచ్చి లంగరు వేసింది. అడుగు గదిలో ఒక తల్లీ, ఏడేళ్ల కూతురూ దాక్కుని వచ్చారని కెప్టెన్ కబురు పెట్టాడు. మా ఇద్దరినీ సంచిలో వేసుకుని సుభద్ర లాంచీ ఎక్కింది.

తల్లి పేరు అబ్రెహెత్. పిల్ల సెలాం. ఓడలో వంటవాడు నూకరాజుది భీమిలి. ఆ తల్లీకూతుళ్ల దేశపు రేవుల్లో ఏళ్లు గడిపి వాళ్ల మాట నేర్చాడు.

"అమ్మా, ఈళ్ల ఊరు సైన్యం తగలెట్టేసిందంట. ఎనక్కెల్తే బతకనివ్వరంట. పిల్లకి నాలుగు రోజుల్నించి జొరం, ఒల్లు కాలిపోతంది."

"కాగితాలేమైనా ఉన్నాయా?"

"ఒంటి మీద బట్టలు తప్ప ఏటీ నేదమ్మా."

సుభద్ర పై అధికారికి ఫోన్ చేసింది. "సార్, ఇద్దరినీ ఆసుపత్రి వరకైనా దింపుదాం. కాపలా పెడతాను."

అవతలి గొంతు అరవలేదు, తిట్టలేదు. "సుభద్రగారూ, ఆమె ఎవరో మనకు తెలియదు. అప్పుడూ మీకు జాలే వేసింది కదా. జబ్బు చేసినవాళ్లను దింపే అధికారం మీకుంది, పిల్లను దింపండి. తల్లి సంగతి పైవాళ్లు తేల్చాలి. వారం పడుతుంది."

ఓడ సాయంత్రానికే వెళ్లిపోతుంది. పిల్లను దింపుతారని, ఆమె సంగతి తేలడానికి వారం పడుతుందని నూకరాజు అబ్రెహెత్‌కు వాళ్ల మాటలో చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"పిల్ల బతుకుద్దా అంటందమ్మా," అన్నాడు నూకరాజు.

"ఆసుపత్రికి చేరితే బతుకుతుంది."

ఆమె తన తలగుడ్డ విప్పి పిల్లకు చుట్టి, సుభద్ర చేతుల్లో పెట్టింది. జ్వరంలోనే సెలాం తల్లి వేలు పట్టుకుంది. నూకరాజు ముఖం పక్కకు తిప్పుకుని ఆ పట్టు విడదీశాడు.

పిల్ల కాగితం మీద నా తోబుట్టువు పడింది. తల్లి కాగితం మీద నేను. సుభద్ర అరచేతి చెమటకు పిడి జారి, వంకరగా పడ్డాను.

సెలాం బతికింది. తర్వాతి రేవులోనూ అబ్రెహెత్‌ను దిగనివ్వలేదని తెలిసింది. ఆపైన ఓడ చేతులు మారింది, పేరూ మారింది. సుభద్ర పదకొండు రేవులకు ఉత్తరాలు రాసింది. జవాబిచ్చిన రెండూ తెలియదన్నాయి.

ఇప్పుడు నేను ఇనుప బీరువాలో ఉన్నాను. ఆఫీసులో కంప్యూటర్లు వచ్చేశాయి. లోపలికి చేరకముందు, చివరిసారి బల్ల మీద ఉండగా జరిగింది చెప్పి ఊరుకుంటాను.

ఊళ్లో హాస్టల్లో పెరిగిన సెలాం, ఏటా లాగే ఈ దేశంలో ఉండేందుకు ఇచ్చే పత్రం పొడిగించుకోవడానికి వచ్చింది. అప్పటికి పదహారేళ్లు. తన పాత ఫైలు చూస్తానంది. సుభద్ర కాదనలేదు.

"ఈ వంకర ముద్ర ఎవరు కొట్టినారండీ?"

"నేనే."

"మరి నాది?"

"అదీ నేనే."

సెలాం రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఈ వంకర ముద్రలో ఏటుందో మాయమ్మకి సదివి సెప్పినారా?"

"లేదమ్మా," అంది సుభద్ర.

సెలాం ఫైలు మూసి, తన కొత్త పత్రం తీసుకుని వెళ్లిపోయింది. బయట బెంచీ మీద ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. సుభద్ర ఎవరినీ పిలవకుండా ఫైలు మళ్లీ తెరిచి, అబ్రెహెత్ కాగితాన్ని మొదటి నుంచి పైకి చదివింది.