మామూలు వాన

పొద్దున ఎనిమిదిన్నరకు వజ్రమ్మ స్టవ్ మీది అన్నం దించి, కొంగుకు చేతులు తుడుచుకుని, ఆఫీసు వెనక ఉన్న వాన డబ్బా దగ్గరికి పోయింది. కాగితాల్లో దాన్ని రెయిన్ గేజ్ అంటారు. పైన గరాటు తీసి, లోపలి సీసా బయటికి లాగి, గీతలున్న గాజు గ్లాసులోకి వంచింది. చుక్క పడలేదు. సీసా అడుగున ఒక చీమ కనబడితే విదిలించి, ఎక్కడివక్కడ పెట్టి ఇంట్లోకొచ్చింది. అద్దం ముందు తల దువ్వుకుంటున్న సిద్దిరాములు ఇటు తిరగకుండానే అడిగాడు.

"ఎంత?"

"సున్న."

"సరే, చాయ్ పెట్టు."

రెండువేల రెండు ఆగస్టు అది. పదకొండేళ్లుగా పొద్దున పూట ఆ మొగుడూ పెళ్లాల మాటలు ఇవే. అంకె ఒక్కటే మారుతుంది.

ఆ మండలాఫీసు పేరు నేను చెప్పను. మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్యన ఎక్కడో ఉందనుకోండి. సిద్దిరాములు అందులో అటెండరు. వెనకాలే రెండు గదుల క్వార్టరు ఇచ్చి, దానితోపాటు వాన కొలిచే పని కూడా అప్పగించారు. మొదటి వారం ఆయనే కొలిచాడు. రెండో వారం జలుబు చేసింది. ఆ జలుబు ఎప్పుడు తగ్గిందో ఏమో గానీ, గ్లాసు మాత్రం వజ్రమ్మ చేతిలోంచి మళ్లీ ఆయన చేతిలోకి పోలేదు. ఆమె తల్లిగారిల్లు దేవరయాంజాల్. బస్సెక్కితే గంట పట్టదు. అయినా పదకొండేళ్లలో అక్కడ వరసగా రెండు రాత్రులు పడుకున్నది ఒక్కసారే, నాయిన పోయినప్పుడు. మూడో రోజు తెల్లారకముందే సిద్దిరాములు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పలకరించడానికి వచ్చాడనుకుని ఆమె ఏడ్చింది కూడా. "మబ్బు వట్టింది, డబ్బాల నీళ్లు సూసుడెవలు మరి?" అన్నాడాయన. అదే మనిషి పక్కింటి వాళ్లతో, "మా ఇంటిది ఖాళీగనే ఉంటది, డబ్బాల నీళ్లు సూసుడు గూడ ఒక పనా" అంటాడు. అత్త ఉన్నన్నాళ్లూ ఆమెది ఇంకో పాట. "వాన రాకుంటే గీమె మొఖం మాడ్సుకుంటది, ఎవలో సచ్చినట్టు."

నిజమే, మాడ్చుకునేది. ఆమెకు తెలిసింది వాళ్లకు తెలియదు మరి. మొదట్లో జూన్‌లో మిరుగు కార్తె దాటితే చాలు, ముసురు పట్టేది. రెండు మూడు రోజులు సన్నగా, ఆగకుండా పడేది. ఒకరోజు పన్నెండు మిల్లీమీటర్లు, ఒకరోజు తొమ్మిది, మర్నాడు పదిహేను. ఉతికిన బట్టలు ఆరక ఇంట్లో తీగ కట్టి ఆరేస్తూ విసుక్కునేది. ఆ ముసురు ఏ ఏటి నుంచి పలచబడిందో ఆ మండలంలో చెప్పగలిగింది బహుశా ఆమె ఒక్కతే. ఇప్పుడు వస్తే ఒక్క గంటలో సీసా నిండేంత కొట్టి, ఆ తర్వాత నెలా నెలన్నర మొహం చూపించదు. ఏడాది చివర కూడితే మొత్తం అటూ ఇటుగా కనబడుతుంది. కానీ గంటలో కురిసింది రోడ్డెక్కి పారిపోతుంది, భూమి తాగేది తక్కువ. ఎండాకాలాలు పొడుగవుతున్నాయి, బోర్లు లోతుకు పోతున్నాయి, ఏదో పెద్దదే మారిపోతోంది. ఇంత సంగతి గుండెల్లో పెట్టుకుని ఆమె కూరగాయలు తరిగేది, ఆఫీసు ఊడ్చేది, సార్లు తాగిన గ్లాసులు కడిగేది. ఎవరితో చెప్పాలో తెలిసేది కాదు. ఒకసారి మొగుడితో అంటే, "ఎప్పటికీ మామూలే" అన్నాడు. ఆ ఇంట్లో అన్నిటికీ అదే మాట. నడుం నొప్పంటే మామూలే. నెలకు రెండుసార్లు నెత్తురు పోతోందంటే ఆడోళ్లకు మామూలే. ఆయనకు తెలిసిన వైద్యమూ శాస్త్రమూ రాజకీయమూ అన్నీ ఆ ఒక్క మాటలో ఉండేవి.

ఆ మధ్యాహ్నం గౌడవెల్లి నుంచి జంగమ్మ వచ్చింది. ద్రాక్షతోటలో కూలి చేసే మనిషి. తోట ఎండిపోయాక ఆమెకు మిగిలింది రెండు బర్రెలు. ఆఫీసులో ఎవరినో కలిసి, అలవాటుగా వజ్రమ్మ ఇంటి మెట్టు మీద కూర్చుని నీళ్లడిగింది. చెంబెడూ తాగి నిదానంగా అన్నది.

"అక్కా, మన మండలంల వాన మామూలుగనే వడ్డదని రాసిండ్రంట. కరువు లిస్టుల పేరు లేదంట. లిస్టుల ఉన్నోళ్లకు గడ్డి ఇస్తున్నరు. గా వాన ఏడ వడ్డదో జర చెప్పు, బర్లను ఆడికే తోలుకపోత."

వజ్రమ్మ చెంబు మళ్లీ నింపి ఇచ్చింది. జంగమ్మ పోయాక, సార్లు అన్నాలకు పోయిన వేళ చూసి, చీపురు పట్టుకుని ఆఫీసులోకి వెళ్లి వానల రిజిస్టరు తెరిచింది. జులై పేజీ మీద వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదివింది. తాను సున్న చెప్పిన రోజుల్లో అక్కడ వానలు కురిశాయి. పద్దెనిమిది, ఇరవై రెండు, పదకొండు. ఆమె కొలిచిన జులై మొత్తం ముప్పై ఒకటి, రిజిస్టరులో నూట అరవై ఎనిమిది. గుండ్రటి అక్షరాలు, మొగుడివే. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివి మూసేసింది. తన మాట ఎవరూ వినకపోయినా ఎక్కడో ఒకచోట రాసైనా ఉందని ఇన్నేళ్లూ అనుకుంది. ఈ లోకంలో ఆమెకున్న తోడు అదొక్కటే. అది కూడా లేదని తెలిసి, చీపురు చేతిలో ఉండగానే నిలబడి ఏడ్చింది.

సాయంత్రం అడిగింది. "నేను సున్న అంటె నువ్వు ఇరవై రెండు ఎట్ల రాసినవ్?"

సిద్దిరాములు తడబడలేదు. "ధర్మేందరన్న చెప్పిండు, మన ఆఫీసు పెద్దసారు ఊఁ అన్నడు, రాసిన."

ధర్మేందర్ అంటే ఆ మండలంలో చిన్నవాడేం కాదు. ఎండిన ద్రాక్షతోటలు కొని, హద్దురాళ్లు పాతి, వాటికి కాలనీల పేర్లు పెట్టి అమ్మే నాయకుడు.

"కరువు మండలమని పేపర్ల వడితే పట్నపోళ్లు ప్లాట్లు కొంటరా? బోరు ఎయ్యంగనే నీళ్లు రావాలె గద ఆళ్లకు" అన్నాడు సిద్దిరాములు.

"మరి జంగమ్మ బర్లు?"

"గవన్ని మనకెందుకే. నోరు జారినవంటె క్వార్టరు పోతది. సూసుడు నీ పని, రాసుడు నా పని."

ఆ శుక్రవారమే ఆఫీసు ముందు షామియానా వేసి పర్యావరణ సభ పెట్టారు. జిల్లా నుంచి చలపతిరావు అనే అధికారి వచ్చాడు. ధర్మేందర్ మైకు పట్టుకుని భూగోళం వేడెక్కుతున్నదన్నాడు, మంచుకొండలు కరుగుతున్నయన్నాడు, మనిషికో మొక్క నాటాలన్నాడు. ట్యాంకరు తెప్పించి ఒక మొక్కకు నీళ్లు పోస్తే ఫొటో తీశారు. జనం చప్పట్లు కొట్టారు. వెనక ఎనభై మందికి చాయ్ కాస్తున్న వజ్రమ్మ ఆ మాటలన్నీ విన్నది. మంచుకొండల సంగతి ఇంత బాగా తెలిసిన మనుషులకు గోడ అవతలి సీసాలో నీళ్లు లేవని తెలియకుండా పోతుందా? చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకుని వేదిక ఎక్కింది. అధికారి ముందు వంగి మెల్లగా అన్నది.

"సార్, జులైల ముప్పై ఒక్క మిల్లీమీటర్లే వడ్డది. నేనే కొలిసిన."

చలపతిరావు ఒక గుక్క తాగాడు. "చక్కెర కొంచెం తక్కువైందమ్మా" అన్నాడు.

వినబడలేదేమోనని ఇంకోసారి చెప్పింది. ఈసారి ఆయన పక్కవాళ్ల వైపు చూశాడు. సిద్దిరాములు వచ్చి పళ్లెం లాక్కుని, మోచేయి పట్టుకుని కిందికి దింపాడు. ఆమె జనం వైపు చూసింది. జులైలో వాన పడలేదని ఆ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆ ఎండ అందరి ఒంటి మీదా పడింది. కానీ కొందరు అప్పటికే పొలం ధర్మేందర్‌కు అమ్ముకున్నారు, మిగతావాళ్లు రేటు పెరుగుతుందని చూస్తున్నారు. వెనక వరసలో జంగమ్మ తల దించుకుంది. అంతమందిలో అంత ఒంటరిగా వజ్రమ్మ ఎన్నడూ లేదు. వాళ్లను తిట్టుకుందామంటే నోరు రాలేదు. తాను మాత్రం ఇన్నేళ్లూ ఏం చేసింది, మొగుడి చెవిలో ఒక అంకె చెప్పి చాయ్ పెట్టడం తప్ప?

గడ్డి లేక అమ్మకానికి పెట్టిన బర్రెలు రెండూ సోమవారం వ్యాన్‌లో ఆఫీసు ముందు రోడ్డు మీదుగానే అంగడికి పోయాయి. జంగమ్మ కూడా వెనక వాటి పక్కనే నిలబడి ఉంది. ఆమె లేకపోతే అవి బండెక్కవు. వజ్రమ్మ చెయ్యెత్తింది గానీ ఆమె చూడలేదు.

మర్నాడు పొద్దున సీసా వంచితే మళ్లీ సున్నా. వజ్రమ్మ ఇంట్లోకి పోలేదు. ఆఫీసులోంచి సుద్దముక్క తెచ్చుకుని, గేటు పక్కన నోటీసులు రాసే నల్లబల్లను తడిగుడ్డతో తుడిచింది. ఏడో తరగతి దాకా చదువుకున్న చెయ్యి, రాసి చాలా ఏళ్లయింది, అక్షరాలు వంకరపోయాయి. 'నిన్న వాన సున్న. జులై నెల మొత్తం వాన ముప్పై ఒక్క మిల్లీమీటర్లు. కొలిసింది వజ్రమ్మ.' రాసి పక్కకు జరిగి నిలబడింది. బస్సు వచ్చింది, జీడిమెట్ల ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు తోసుకుంటూ ఎక్కారు, బస్సు పోయింది. బల్ల వైపు ఒక్కరూ తల తిప్పలేదు.

చాయ్ రాలేదని వెతుక్కుంటూ సిద్దిరాములు గేటు దాకా వచ్చాడు. బల్ల చూసి ఆగిపోయాడు. పెదాలు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. రోడ్డుకు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"క్వార్టరు పోతదని చెప్పిన గద. ఎవలు సదువుతరనుకున్నవే గిది?"

"నువ్వు సదివినవ్ గద" అన్నది వజ్రమ్మ.