మూఢంలో వచ్చిన లిల్లీ కారు

లిల్లీ కారు ఫొటో మొదటిసారి ఫోన్‌లో చూసిన రోజు నేను కాలేజీలో ఒక క్లాసుకు వెళ్ళడమే మర్చిపోయాను. గుండ్రటి దీపాలు, ముందు తళతళలాడే వెండిరంగు పట్టీ, పైన మీగడ రంగు, కింద లేతాకుపచ్చ. మా తాతల కాలం కారు బుల్లిదైపోయి మళ్ళీ పుట్టినట్టుంది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు! మా ఊరు నగరం నుంచి అమలాపురం డిగ్రీ కాలేజీకి ఆరేళ్ళుగా స్కూటీ మీద తడుస్తూ, ఎండుతూ పాఠాలు చెప్పడానికి వెళ్తున్నదాన్ని. కొంటే ఇదే కొనాలి, లేదంటే అసలు కారే వద్దు అనుకున్నాను.

ధర చూస్తే మతి పోయింది. ఎనిమిది లక్షల లోపే! కాకపోతే ఆ ధర మొదట బుక్ చేసుకున్నవాళ్ళకేనట. ఆ కోటా అయిపోతే లక్ష పెరుగుతుంది. దేశమంతా ఎగబడుతున్నారని ఇంటికి ఒక్క కారే ఇస్తామన్నారు. నాకు బ్యాంకువాళ్ళు ఇస్తామన్న లోను ఆ మొదటి ధరకే బొటాబొటిగా సరిపోతుంది. లక్ష పెరిగిందా, నా లిల్లీ నాకు దక్కదు.

మా మామ్మ సత్తెమ్మకు ఫొటో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది పెదబాబుగారి కారు కదే!" అంది.

పెదబాబుగారంటే మా ఊళ్ళో కొబ్బరితోటలున్న వీరవెంకటరమణ బాబాయిగారి నాన్నగారు. మా తాత వాళ్ళ తోటలోనే కూలిపని చేసేవాడు.

"నువ్వెప్పుడైనా ఎక్కావా మామ్మా?"

"మీ తాత కడిగేవోడు," అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. నేను రంగుల గోలలో ఉండి ఆ మాట పట్టించుకోలేదు.

బుకింగులు మొదలైన రోజు పొద్దున నాకు పరీక్ష డ్యూటీ పడింది. హాల్లోంచి బయటపడగానే ఫోన్ తీసి మా చిరునామా కొట్టాను. 'ఈ చిరునామాపై ఇప్పటికే ఒక బుకింగ్ ఉంది' అని వచ్చింది. నా కళ్ళను నేనే నమ్మలేక నాన్నగారికి ఫోన్ చేశాను.

మా నాన్న బెంజమిన్ మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడం ఆయనకు చేతకాదు.

"అవునమ్మా శారోనూ, పొద్దున్నే నా పేరు మీద చేసేను. మన రమణగారి కోసం," అన్నారు తాపీగా.

సంగతేమిటంటే, శుక్రమూఢం వచ్చింది. ఫిబ్రవరి దాకా పోదు. మూఢంలో కొత్త వస్తువు కొనరు సరికదా, దానికి బయానా కూడా ఇవ్వరు. ఈలోపు ధర ఆగదు కదా! అందుకని రమణ బాబాయిగారు తెల్లారుతూనే మా ఇంటికొచ్చి, "మూఢం మాకు గానీ మీకు కాదు కదండీ మేష్టారూ! మీ పేరున పెట్టించండి. మూఢం వెళ్ళేక నా పేరుకి మార్చుకుంటాను," అన్నారట. మా నాన్న "ఆయ్, దానికేం భాగ్యమండీ" అన్నారట.

"నేను కారు కారు అని నెల నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను కదా నాన్నా!"

"ఈ కారే అని నాకేం తెలుసమ్మా? నాకు కార్లన్నీ ఒకటే."

"రద్దు చేసేయండి."

"మాట ఇచ్చేసేనమ్మా."

ఇక ఆయనతో ఏం మాట్లాడతాం! సాయంత్రానికి మొదటి కోటా అయిపోయింది, ధర లక్ష పెరిగింది. ఆ వారమంతా మా ఇంట్లో గిన్నెలు నా చేతిలో మామూలుగా మోగలేదు. మాట ఇచ్చారట, మాట! నా ఏడుపు ఎవరికి పట్టింది?

తర్వాత తెలిసింది, ఈ తెలివి ఒక్క రమణ బాబాయిగారిది కాదని. కాట్రేనికోన నుంచి ఆలమూరు దాకా, లిల్లీ మీద మనసుపడ్డ ప్రతి ఆసామీ తన క్రైస్తవ స్నేహితుడి పేరు అరువు తెచ్చుకున్నాడు. షోరూములో పనిచేసే నాగసతీష్ నాకు కాలేజీలో సీనియర్. ఫోన్ చేసి ఒకటే నవ్వు.

"బుకింగుల్లో పేర్లన్నీ జాయ్, బెంజమిన్, బ్లెస్సీ! హెడ్డాఫీసువాళ్ళు ఈ పేర్లు చూసి, ఓహో, ఇక్కడ కొనేవాళ్ళంతా క్రైస్తవులే అనుకుని, బళ్ళన్నీ క్రిస్మస్ ముందు శనివారం ఇచ్చేయమన్నారు. ఆ వారం తీసుకోకపోతే వెనక లైన్లో ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతాయి. మూఢం అంటే వాళ్ళకేం తెలుసు పాపం!"

నాకూ నవ్వొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఎందుకంటే నాన్నగారికి డ్రైవింగు రాదు. ఇంకొకరి కారుని, నేను కోరుకున్న కారుని, నేనే నడిపి ఇంటికి తేవాలి. ఫిబ్రవరి దాకా మా వాకిట్లో పెట్టుకుని రోజూ చూస్తూ కూర్చోవాలి. నేను రానని భీష్మించుకుంటే, "నేనొత్తానే, ఓసారి చూద్దారి," అని మామ్మ కొత్త చీర కట్టుకుని బయల్దేరింది. చచ్చినట్టు నేనూ వెళ్ళాను.

షోరూము ముందంతా పెళ్ళివారి సందడి! నక్షత్రాలు, బెలూన్లు, కేకు, రిబ్బన్లు కట్టిన లిల్లీలు. ఒక్కో కారు దగ్గర రెండేసి కుటుంబాలు. పేరున్నవాళ్ళు కారుని ఆనుకుని ఫొటోలు దిగుతున్నారు. కారు అసలు ఎవరిదో వాళ్ళు రెండు గజాల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా మెడలు చాచి చూస్తున్నారు. మిగతా సొమ్ముకి రాసిన చెక్కు బాబాయిగారి భార్య సత్యవేణి పిన్నిగారి చేతిసంచిలో ఉంది. రమణ బాబాయిగారు చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్నారు.

"అచ్చం మా నాన్నగారి బండేనండీ! ఆ దీపాలు చూడండి మేష్టారూ, ఆ దీపాలు!"

నాగసతీష్ ముందు తలుపు తీసి, "ముందు మామ్మగారు కూర్చోవాలండి," అన్నాడు. మామ్మ తలుపు దాకా వెళ్ళి, చెప్పులు కింద విప్పేసి, ఉత్తకాళ్ళతో లోపల అడుగుపెట్టి, సీటు అంచున కూర్చుంది. సీటు మీద అరచేత్తో మెల్లగా రాసింది. తర్వాత బయటికి చూసింది.

"నువ్వెక్కవేం రమణబాబూ?"

"మూఢం కదండీ మామ్మగారూ. అది వెళ్ళేదాకా మేం ఎక్కకూడదు, ముట్టుకోకూడదు."

"ఓసోస్, రెండు నెల్లేనా!" అని మామ్మ నవ్వింది. "మీ నాన్నగారి కారుకాడ మాకు ఏడాది పొడుగూతా మూఢమే బాబూ. మా ఆయన రోజూ కడిగేడు గానీ, ఒక్కనాడూ అందులో కూకోలేదు."

మామ్మ మాటలో కోపం లేదు. వర్షం పడిందని చెప్పినట్టు చెప్పింది. నాన్నగారు తల వంచుకున్నారు.

రమణ బాబాయిగారు గబగబా వచ్చి, వంగి, కింద ఉన్న మామ్మ చెప్పులు రెండూ చేత్తో తీసి, కారు లోపల ఆవిడ పాదాల దగ్గర పెట్టారు. లేచేటప్పుడు ఆయన చెయ్యి కారు తలుపు మీదే ఉంది.

"వేసుకోండి మామ్మగారూ. సీటుకి ఆనుకుని సుఖంగా కూర్చోండి," అన్నారు. ఇటు తిరిగి, "మేష్టారూ, నాకిచ్చిన మాట నేనే మీకు తిరిగిచ్చేస్తున్నానండి. ఈ బండి మీ ఇంట్లోనే ఉండాలి," అన్నారు.

"అయ్యో, అలా ఎలాగండీ!" అన్నారు నాన్నగారు.

"లక్ష పెరిగిందండోయ్!" అంది సత్యవేణి పిన్నిగారు.

"పెరిగితే పెరిగింది. మూఢం వెళ్ళేక మనం మన పేరు మీదే కొనుక్కుందాం."

పిన్నిగారు చేతిసంచి జిప్పు లాగేసి, "అయితే ఈసారి రంగు నేను చెప్తాను. ఈ ఆకుపచ్చ నాకు మొదట్నించీ నచ్చలేదు," అంది. అందరం పగలబడి నవ్వాం.

నేను అప్పటికప్పుడు బ్యాంకుకి ఫోన్ చేశాను. సోమవారం సొమ్ము కట్టేస్తామన్నారు. నా లిల్లీ! నా ఆనందం పట్టలేక నాగసతీష్ చేతిలోంచి తాళాలు లాక్కుని స్టీరింగు ముందు కూర్చున్నాను.

"హారనేదే?" అంది మామ్మ. "అప్పట్లో పెదబాబుగారి కారుది ఇనపడితే మేం గట్టు దిగి నిలబడేవోళ్ళం."

చూపించాను. మామ్మ చెయ్యి చాచి, అరచేత్తో గట్టిగా నొక్కి, తియ్యకుండా అలాగే ఉంచింది. షోరూమంతా ఇటు తిరిగింది. కారుకి ఎదురుగా నిలబడ్డ రమణ బాబాయిగారు నవ్వుతూ పక్కకి జరిగి దారిచ్చారు.