మంచం మీది హెల్మెట్

నేను ఒక హెల్మెట్‌ని. అచ్చులో పోసి, రంగు వేసి, ఎత్తు నుంచి పడేసి పరీక్షించి మరీ పంపారు నన్ను. తల కాయడం తప్ప నాకు ఇంకో పని చేతకాదు. కానీ ఈ మనుషులున్నారే, ఆ ఒక్క పనికి తప్ప అన్నిటికీ వాడతారు. నన్ను మొదట కొన్న కుర్రాడు పోలీసులు కనబడితే తలకెక్కించేవాడు, దాటగానే స్కూటరు అద్దానికి తగిలించేవాడు. ఒకసారి నాలో జామకాయలు కూడా తెచ్చాడు, ఏం చెప్పను!

వాడు స్కూటరు అమ్మేస్తే, దాంతోపాటు నేనూ ఏలూరులో ఫిలోమినా ఇంటికి చేరాను. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే మనిషి, ఒంటరిది. వీధి చివరికి వెళ్ళాలన్నా నన్ను పెట్టుకుని పట్టీ బిగించేది. హమ్మయ్య, నా బతుక్కీ ఓ అర్థం వచ్చిందనుకున్నాను.

ఆ ఇంట్లో బుల్లోడు ఉండేవాడు. ఎవరో సంచిలో కట్టి మార్కెట్టు దగ్గర పారేసిన కుక్కపిల్ల, ఆమే తెచ్చి పెంచింది. ఆమె ఎదురుగా ఉంటే వాడంత బుద్ధిమంతుడు లేడు. నన్ను మేకు నుంచి తీసిందా, వణుకు మొదలు. తలుపు వేసిందా, ఇక గుక్క తిప్పుకోని ఏడుపు. తలుపు గోకి గోకి గోళ్ళ వెంట నెత్తురు వచ్చేది.

కింద వాటాలో ఉండే ఇంటామె చిట్టెమ్మ గారు ఓ రోజు పైకొచ్చింది.

"సూడమ్మాయ్, మా ఆయనకి గుండె బాగోదు. నెలాఖరు లోపు అది నోరు మూసుకోవాల. లేదంటే ఎక్కడన్నా వదిలేసి రా."

మళ్ళీ వదిలేయడమా! ఫిలోమినా వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"హెల్మెట్ చేతికి తీసుకుంటే మీరు వెళ్ళిపోతారని దానికి తెలిసిపోయిందండీ," అన్నాడట ఆయన. "అది పెట్టుకుని ఇంట్లోనే తిరగండి. భయం పోయాక కాసేపు బయటికెళ్ళి రండి, ఆ సమయం మెల్లగా పెంచండి. తొందరపడితే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది."

ఇంకేం, నన్ను నెత్తిన పెట్టుకునే పప్పు తాలింపు వేసింది, టీవీ చూసింది. బుల్లోడు మొదట వణికాడు, తర్వాత విసుగొచ్చి నిద్రపోయాడు. నాకు నవ్వాగలేదు. అంతలో నెలాఖరు ముంచుకొచ్చింది. మెల్లగా పెంచే వ్యవధి ఆమెకి లేదు. ఓ ఉదయం నన్ను మంచం మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. స్కూటరుని వీధి మలుపు దాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్టు చేసిందట. బుల్లోడు తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. హెల్మెట్ ఇంట్లోనే ఉంది, అంటే ఆమె దూరం వెళ్ళలేదు. నా మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

"ఏం మందేసావే తల్లీ, కిక్కురుమంటే ఒట్టు!" అని చిట్టెమ్మ గారు సాయంత్రం అంటే, ఫిలోమినా సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఇక ఆ రోజు నుంచి నేను మంచం మీదే. ఓసి పిచ్చిదానా, నేను కాయాల్సింది నీ తల కదా! అరిచి చెప్పడానికి నాకు నోరేది?

వాన పడిన ఓ శనివారం రైలు వంతెన దగ్గర స్కూటరు జారింది. వేగం కూడా లేదట. తల గట్టు రాయికి తగిలిందట, అంతే.

కబురు తెలిసి చిట్టెమ్మ గారు తలుపు తీసింది. బుల్లోడు నా పక్కనే ఉన్నాడు. తోక ఆడించాడు, కిక్కురుమనలేదు. ఆవిడ గుమ్మంలోనే కూలబడిపోయింది.

"ఏడవరా బుల్లోడా! ఇన్నాళ్ళూ ఏడవొద్దన్నాను. ఇయ్యాల ఏడవరా నాయనా!" అని భోరుమంది.

ఇప్పుడు మేమిద్దరం కింద వాటాలో చిట్టెమ్మ గారి దగ్గరే ఉంటున్నాం. నన్ను అటక మీద పడేద్దామని ఆవిడ ఎన్నోసార్లు చెయ్యి చాపింది, వాడి మొహం చూసి వెనక్కి తీసుకుంది. నా పట్టీకి ఫిలోమినా తలనూనె వాసన ఇంకా పోలేదు. బుల్లోడు అన్నం తిని వచ్చి నా మీద గడ్డం ఆనిస్తాడు. తలుపు వైపు చూడను కూడా చూడడు. హెల్మెట్ ఇక్కడే ఉండగా ఆమె ఎక్కడికి పోతుందని వాడి ధైర్యం.